రిపోర్ట్ బటన్ గారికి: తమరు జారీ చేసిన సత్ప్రవర్తన పత్రం అందింది

మహారాజశ్రీ రిపోర్ట్ బటన్ గారి దివ్య సముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి. తమరి కుశలానికి ఎలాగూ ఢోకా లేదు. మా వైపు సంగతి చెప్పుకోవడానికే ఈ లేఖ.

మా పదేళ్ల అబ్బాయి ఆడే ఆన్‌లైన్ ఆటలో ఒక అపరిచితుడు వాడికి పంపిన సందేశాల గురించి తమరికి ఫిర్యాదు చేసుకున్నాను కదా, తమరు దయతో పంపిన జవాబు నిన్న రాత్రి అందింది. "మీరు తెలియజేసిన విషయాన్ని పరిశీలించాం. మా నియమాలకు విరుద్ధమైనదేదీ కనిపించలేదు. అందరికీ సురక్షితమైన చోటును నిర్మించడంలో తోడ్పడుతున్నందుకు ధన్యవాదాలు." దాని కింద, తమరి సేవ నాకు నచ్చిందో లేదో చెప్పడానికి ఒక నవ్వు ముఖం, ఒక ఏడుపు ముఖం. ఏడుపు ముఖం మీద నొక్కితే, మరింత మెరుగుపడతామని చెప్పి తెర మూసుకుంది. ఎవరు పరిశీలించారో, ఏం చదివారో, అసలు చదివినది మనిషా యంత్రమా అన్న ముచ్చట ఎక్కడా లేదు.

తమరి దర్శనానికే ఒక మధ్యాహ్నం పట్టింది, ఆ సంగతి తమరి దృష్టికి వచ్చి ఉండదు. అవతలివాడి పేరు మీద నొక్కితే వాడి బొమ్మ పెద్దదైంది. బొమ్మ మీద నొక్కితే వాడికి బహుమతి పంపుతారా అని అడిగింది. మూలన మూడు చుక్కలు. చుక్కల్లో 'మరిన్ని'. మరిన్నిలో 'స్నేహితుడిగా చేర్చు', 'పంచుకో', 'ఇష్టమైనవారిలో ఉంచు' అన్నీ దాటాక, అట్టడుగున, బూడిద రంగులో, చదవడానికి కళ్ళజోడు కావలసినంత చిన్న అక్షరాల్లో తమరు కొలువై ఉన్నారు.

అదే ఇంట్లో ఉండే కొనుగోలు బటన్ గారికి ఇంత బిడియం లేదు. ఆయన ప్రతి మలుపులోనూ ఎదురొస్తారు, మెరుస్తారు, గంతులు వేస్తారు. ఇదేదో కాకతాళీయం అనుకోవడానికి వీల్లేదు. ఫోర్ట్‌నైట్ అనే ఆన్‌లైన్ ఆటను తయారుచేసే ఎపిక్ గేమ్స్ కంపెనీ వ్యవహారం చూడండి (మా అబ్బాయి ఆడేది అది కాదు, వేరొకటి). అపరిచితులతో మాటామంతీ పిల్లలకు కూడా మొదటి నుంచీ తెరిచే ఉంచారని, అడిగితేనే తెరుచుకునేలా మార్చమని సొంత ఉద్యోగులే 2017 నుంచి మొత్తుకున్నారని, చివరికి ఆపే మీట పెట్టినా సులువుగా దొరకని చోట పెట్టారని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2022 డిసెంబరులో ఆ కంపెనీ పిల్లల గోప్యత కేసులో 27.5 కోట్ల డాలర్ల జరిమానాకు, తికమకపెట్టే మీటలతో జనం చేత కొనిపించినందుకు మరో 24.5 కోట్ల డాలర్లు వాపసు ఇవ్వడానికి ఒప్పుకుంది. కొనే మీట పొరపాటున తగిలినా డబ్బు పోతుంది, ఆపే మీట పట్టుబట్టి వెతికినా దొరకదు. రెండూ ఒకే తెర మీద, ఒకే కంపెనీ పనితనం.

సరే, దర్శనమైంది. కారణం ఎంచుకోమన్నారు. అనవసర ప్రకటనలు, హింస, ద్వేషం, బూతులు, ఆటలో మోసం, నకిలీ ఖాతా, 'నాకు నచ్చలేదు'. పదేళ్ల పిల్లవాణ్ణి ఒక అపరిచితుడు నీ గది తలుపు వేసి ఉందా అని అడిగితే, అది వీటిలో ఏ గడిలోకి వస్తుందో తమరే సెలవివ్వాలి. నచ్చని మాట నిజమే కనుక చివరిది ఎంచుకోబోయి, బతిమాలినట్టు ఉంటుందని 'ఇతరములు' నొక్కాను. అప్పుడు తమరు కోరిన కోరికతోనే కథ అడ్డం తిరిగింది: "అభ్యంతరకరమైన ఒక సందేశాన్ని ఎంచుకోండి."

ఒక సందేశం. ఒకే ఒక్కటి.

తమరు చదవలేదు కనుక మొత్తం ఇక్కడ రాస్తున్నాను. మొదటి రోజు: "నువ్వు కట్టిన కోట చాలా బాగుంది." "నీ వయసెంత?" "పదా? నాకు పన్నెండు." మరునాడు: "ఇవిగో నాణేలు, నీకే." "ఎవరికీ ఇవ్వను, నువ్వంటే ఇష్టం కనుక ఇచ్చాను." ఆ తరువాత: "మీ అమ్మ తిడుతుందా? మా ఇంట్లోనూ అంతే." "ఇప్పుడు ఇంట్లో ఎవరున్నారు?" "నీ గది తలుపు వేసి ఉందా?" "ఇక్కడ వద్దు, వేరే యాప్‌లో మాట్లాడుకుందాం." "అమ్మకు చెప్పకు, ఇది మన రహస్యం."

వీటిలో ఏది ఎంచుకోవాలి? కోట బాగుందనడం నేరం కాదు. నాణేలివ్వడం ఔదార్యం. అమ్మకు చెప్పవద్దన్నది ఆమె పుట్టినరోజుకు ఏదో తలపెట్టినందుకే కావచ్చు. నేను తలుపు వాక్యాన్ని ఎంచుకున్నాను. అందులో బూతు లేదు, బెదిరింపు లేదు, ఒక తలుపు గురించిన ప్రశ్న మాత్రమే ఉంది. తమరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నిర్దోషిగా ప్రకటించారు. వలలోంచి ఒక్కో దారాన్నీ విడిగా లాగి చూసి, ఇది చేపలు పట్టేది కాదని తీర్పు చెప్పినట్టుంది.

పిల్లల రక్షణ కోసం పనిచేసేవారికి ఈ వరుస కంఠతా వచ్చు. ముందు పొగడ్త, ఆపైన కానుక, తల్లిదండ్రుల మీద చిన్న ఫిర్యాదు, పిల్లవాడు ఒంటరిగా ఉన్నాడా అన్న ఆరా, రహస్యం, ఆ తరువాత మరింత చాటైన చోటికి పిలుపు. పిల్లల్ని లైంగికంగా వాడుకోవడానికి ముందు ఇలా మచ్చిక చేసుకోవడాన్ని వారు గ్రూమింగ్ అంటారు. ఇందులో విషం వాక్యాల్లో ఉండదు, వాటి వరుసలో ఉంటుంది. మా పక్కింటి ముసలావిడ కళ్ళజోడు లేకుండా పసిగట్టే ఈ సంగతి, ఆటగాళ్ళ ప్రతి కదలికనూ లెక్కగట్టి ఏ క్షణాన ఏ బొమ్మ చూపిస్తే కొంటారో చెప్పగల మీ యంత్రాలకు అంతుపట్టదని నమ్మమంటారు.

మీ దగ్గర జాగ్రత్త లేదని అనను. మా అబ్బాయి తన దగ్గర ఎన్ని ఇటుకలున్నాయో స్నేహితుడికి చెప్పబోతే, అంకెల్లో ఫోన్ నంబరు దాగి ఉంటుందేమోనని అక్కడంతా హ్యాష్ (#) గుర్తులు పరిచారు. శభాష్. ఆ రెండో యాప్‌లో తనను వెతకడానికి అపరిచితుడిచ్చిన గుర్తు మాత్రం, అంకెల్ని అక్షరాల్లో విడగొట్టి రాసినందువల్ల, దర్జాగా దాటిపోయింది. ఒక పాప నాట్యం చేసిన వీడియోలో వెనక సినిమా పాట వినిపిస్తే హక్కుదారుల తరఫున క్షణాల్లో మేలుకునే యంత్రాలు మీ లోకంలో ఉన్నాయి. తలుపు సంగతి అడిగితే మాత్రం ఇక్కడ ఒక్కటీ మేలుకోలేదు. పాటకు యజమాని ఉన్నాడు మరి.

రెండో యాప్‌లోనూ మీ దాయాది ఒకరున్నారు, ఆయనకూ విన్నవించుకున్నాను. తమ దగ్గర ఇంకా సంభాషణ ఏదీ జరగలేదు కనుక పరిశీలించడానికేమీ లేదన్నారు. మీరేమో మీ వేదిక బయట జరిగేది మీ పరిధిలోకి రాదన్నారు. ఇద్దరి మాటా నియమబద్ధమే. ఆ అపరిచితుడు పని చేసుకునేది ఆ రెండు నియమాల మధ్యనున్న సందులోనని మీ ఇద్దరికీ తెలుసు.

పుట్టిన తేదీ పెట్టె గారికి వేరే లేఖ రాయాలి, ఇక్కడ రెండు ముక్కలు. ఆయన్ని దాటాలంటే చక్రాన్ని వేలితో గట్టిగా ఒక తిప్పు తిప్పితే చాలు. మా అబ్బాయి తరగతిలో చాలామంది మా చెల్లెలి కన్నా పెద్దవాళ్ళు. ఖాతా తెరవడానికి 13 ఏళ్లు నిండాలన్న ఆ గీత కూడా పిల్లల మనసు ఎప్పుడు పరిపక్వమవుతుందో తేల్చి గీసినది కాదు. అంతకన్నా చిన్నవారి వివరాలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించకూడదని అమెరికా 1998లో చేసిన చట్టం నుంచి వచ్చింది. వివరాల సేకరణకు పెట్టిన హద్దును లోకమంతా భద్రతకు హద్దుగా గోడ మీద రాసుకుంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చూసే బాధ్యతను కంపెనీల నెత్తినే పెట్టింది, తప్పితే 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా. అందులోనూ ప్రధానంగా ఆటల కోసమే నడిచే వేదికలకు మినహాయింపు ఉంది. ఆటలే కదా పాపం!

"పిల్లలతో మనసు విప్పి మాట్లాడండి" అని తల్లిదండ్రులకు సలహాల పుట ఒకటి పెట్టారు, సోఫాలో నవ్వుతున్న కుటుంబం ఫోటోతో సహా. మాట్లాడాం. మాట్లాడబట్టే మా అబ్బాయి వచ్చి ఆ సందేశాలు చూపించాడు.

అసలు సంగతి ఇక్కడుంది. ఫిర్యాదు వాడి ఖాతా నుంచి చేశాను కనుక మీ జవాబు వాడి ఖాతాకే వెళ్ళింది. నాకన్నా ముందు వాడు చదివాడు. చదివి, మొహం వెలిగిపోతూ పరుగెత్తుకొచ్చి, "అమ్మా, వాళ్ళు చూశారట, తప్పేమీ లేదట. మళ్ళీ స్నేహితుడిగా చేర్చుకోనా?" అన్నాడు.

ఏం చెప్పమంటావు? అపరిచితుల్ని నమ్మవద్దని నెలల తరబడి నేను నూరిపోసినదాన్ని నువ్వు మూడు వాక్యాల్లో కొట్టేశావు. నువ్వు ఊరుకున్నా బాగుండేది. తిరస్కరించినా సర్దుకునేదాన్ని. నువ్వు ఆ రెండూ చేయలేదు. ఆటను నడిపేవాళ్ళే విచారించి ఈ మనిషి మంచివాడని తేల్చారని పదేళ్ల పిల్లవాడికి రాతపూర్వకంగా తెలియజేశావు. వాడి లెక్కలో అమ్మకు అనుమానం ఎక్కువ, నీకు అన్నీ తెలుసు. ఇంతకన్నా మంచి సిఫారసు ఆ మనిషి తనకు తాను రాసుకోలేడు. చూడకుండా చూశామని ఎందుకు రాస్తావు? ఒక్క వాక్యం మీద యంత్రాన్ని పరుగెత్తించి "పరిశీలించాం" అనడానికి నీకు సిగ్గుగా లేదా? "మాకు తెలియదు, మీ జాగ్రత్తలో మీరుండండి" అని రాయడానికి ఎన్ని అక్షరాలు ఎక్కువవుతాయి? ఆ మాటైతే వాడికి చూపించి నేనే సర్ది చెప్పుకునేదాన్ని.

నిన్ను తయారుచేసే పనిలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్ళకే నీ గుట్టు తెలుసు. ఫేస్‌బుక్‌లో వాడుకరుల రక్షణకు సాధనాలు తయారుచేసే విభాగాన్ని నడిపిన ఇంజనీరు ఆర్తురో బెహార్ 2023 నవంబరు 7న అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు సాక్ష్యం చెప్పాడు. అదే కంపెనీ నడిపే ఇన్‌స్టాగ్రామ్‌లో చేరిన తన కూతురికి 14 ఏళ్ల వయసులో వెకిలి సందేశాలు వచ్చాయని, ఆమె రిపోర్ట్ చేసినా కంపెనీ ఏమీ చేయలేదని చెప్పాడు. కంపెనీ లోపల జరిపిన సర్వేలో 16 ఏళ్లలోపు పిల్లల్లో ఎనిమిదిమందిలో ఒకరు, అంతకుముందు ఏడు రోజుల్లోనే, అక్కరలేని లైంగిక ప్రతిపాదనలు ఎదుర్కొన్నామని చెప్పారని కూడా వివరించాడు. ఏడాదిలో కాదు, ఏడు రోజుల్లో. ఇదంతా 2021లోనే యజమానికి ఉత్తరం రాసి విన్నవిస్తే జవాబు రాలేదట. రక్షణ సాధనాలు తయారుచేసిన మనిషి కూతురు మొరపెట్టుకున్నా దిక్కులేనప్పుడు నేనెంత!

ఇంకొక మాట. నీ పక్కనే ఉండే బ్లాక్ బటన్ నొక్కిన మరుక్షణం సంభాషణంతా మాయమవుతుందని నువ్వు ముందుగా హెచ్చరించవు. ఎవరో చెప్పగా తెలిసి, ఖాతా పేరు, తేదీ, సమయం కనిపించేలా అన్నింటికీ స్క్రీన్‌షాట్లు తీశాకే బ్లాక్ చేశాను. లేకపోతే ఈ ఉదయం నా చేతిలో నీ ధన్యవాదాలు తప్ప ఏమీ మిగిలేవి కావు.

ఆ స్క్రీన్‌షాట్లు పట్టుకుని పోలీసుల సైబర్ విభాగానికి వెళ్ళాను. అక్కడి అధికారిణి కోట దగ్గర మొదలుపెట్టి రహస్యం దాకా వరుసగా చదివింది. నాణేల దగ్గర ఒకసారి వెనక్కి వెళ్ళి తేదీ చూసింది. ఏ వాక్యం అభ్యంతరకరమో ఎంచుకోమని అడగలేదు. "బాబు ఫోటో ఏదైనా పంపాడా?" అని అడిగింది. లేదన్నాక ఖాతా పేరును ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ రాసుకుంది. ఇదే పేరు కొద్దిపాటి మార్పులతో ఆమె దగ్గర ఇంతకుముందే ఒకటి నమోదై ఉంది.

ఆ ఖాతా ఎవరిదో తేల్చడానికి ఆమె మీ కంపెనీకి రాస్తోంది. అది 'ఇతరములు' కింద రాదు, మూడు చుక్కల వెనక నుంచీ రాదు. దానికి గడువు ఉంటుంది, కింద సంతకం ఉంటుంది, జవాబు చెప్పవలసి ఉంటుంది. ఆమె ఒక సందేశం అడగడం లేదు, మొత్తం సంభాషణ అడుగుతోంది.

ఇట్లు,
మీ నియమాలేవీ ఉల్లంఘించని ఒక తల్లి