అధ్యాయాలు చదివి రికార్డు చేస్తే కోర్సు అయిపోదు

వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో ఒక సలహా బాగా తిరుగుతోంది: "పైథాన్ మీదో ఎస్‌క్యూఎల్ మీదో ఈబుక్ రాసి అమెజాన్‌లో పెట్టండి, 70% రాయల్టీ మీదే. అదే పుస్తకం చదువుతూ స్క్రీన్ రికార్డు చేస్తే కోర్సు కూడా రెడీ. కష్టం ఒక్కసారి, ఆదాయం జీవితాంతం." ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు కూర్చుని రాసేవాళ్లు దీన్ని నమ్ముతున్నారు. అందుకే ఒక్కో ముక్కా విప్పి చూడాలి.

మొదట 70% సంగతి. అమెరికా స్టోర్‌లో ఆ వాటా వచ్చేది ధర 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ఉంటేనే. దాటితే 35%. అంటే 9.99కి పెట్టినా 19.99కి పెట్టినా లెక్క దాదాపు 7 డాలర్ల దగ్గరే ఆగుతుంది. పైగా 70% పథకంలో మెగాబైటుకు 15 సెంట్ల డెలివరీ ఖర్చు పట్టుకుంటారు. స్క్రీన్‌షాట్లతో 12 ఎంబీ అయిన పుస్తకానికి 1.80 డాలర్లు ముందే పోతాయి, 9.99లో మిగిలేది 5.73. కోడ్‌ను బొమ్మలుగా పెట్టొద్దనేది ఇందుకే. ఫైలు బరువెక్కుతుంది, పాఠకుడు కాపీ చేసుకోలేడు. అక్షరాలుగానే ఉంచి, వరుస 60 అక్షరాలు దాటకుండా విరవాలి. లేకపోతే చిన్న తెర మీద వరుస మడతపడి పైథాన్ ఇండెంటేషన్ (వరుస మొదట్లో వదిలే ఖాళీ) చెదిరినట్టు కనిపిస్తుంది.

అమెజాన్ నింపమనే పన్ను ఫారంలో పాన్ ఇచ్చి, భారత్–అమెరికా పన్ను ఒప్పందం వర్తింపజేయమని కోరకపోతే అమెరికా అమ్మకాల రాయల్టీలో 15% బదులు 30% కోత.

అదే పుస్తకాన్ని అమెజాన్‌లోనూ కోర్సుతోనూ ఇవ్వడం ఇంకా ప్రమాదం. భారత స్టోర్‌లో 70% కావాలంటే అమెజాన్ ఈబుక్ ప్రచురణ వేదిక కేడీపీలోని "సెలెక్ట్" పథకంలో చేరాలి. చేరాక 90 రోజుల పాటు డిజిటల్ ప్రతి మరెక్కడా దొరకకూడదు, ఉచితంగా కూడా. నమూనాగా 10% వరకే బయట చూపొచ్చు. కోర్సులో చేరినవాళ్లకు ఆ పుస్తకం పీడీఎఫ్ కానుకగా ఇచ్చినా నిబంధన తప్పినట్టే. రెండూ జంటగా అమ్మాలనుకుంటే సెలెక్ట్ జోలికి పోకుండా, 80% ఇచ్చే లీన్‌పబ్ లాంటి ఈబుక్ అమ్మకపు సైట్‌లో మొదలుపెట్టడమే మేలు.

ఇక అసలు చిక్కు, చదివి వినిపించడం. నిడివి సమస్యే కాదు: ఆన్‌లైన్ కోర్సుల సైట్ యూడెమీ అడిగేది కనీసం 30 నిమిషాల వీడియో, 5 పాఠాలు. పుస్తకంలో అర్థం కాని పేరా దగ్గర పాఠకుడు ఆగుతాడు, వెనక్కి తిప్పుతాడు. వీడియోలో మాట దాటిపోతుంది. అందుకని నిర్వచనంతో కాదు, తప్పుతో మొదలుపెట్టాలి. ఎస్‌క్యూఎల్‌లో రెండు పట్టికలను కలిపే జాయిన్ల పాఠమే తీసుకోండి. ఖాతాదారులు నలుగురు, ఆర్డర్లు ఇచ్చింది ముగ్గురే. రెండు పట్టికల్లోనూ ఉన్నవాళ్లనే చూపే ఇన్నర్ జాయిన్ రాస్తే నాలుగో మనిషి ఫలితంలో కనపడడు. ఎక్కడికి పోయాడో వీడియో ఆపి వెతకమనండి, తర్వాత మొదటి పట్టికలోని అందరినీ ఉంచే లెఫ్ట్ జాయిన్ చూపండి. ఆపైన ఆర్డర్ తేదీ షరతును ఫలితాన్ని వడకట్టే "వేర్"లో పెట్టించండి. తేదీ ఖాళీగా (నల్‌గా) ఉన్న ఆ వరుస మళ్లీ రాలిపోతుంది, షరతు పట్టికలను జతపరిచే "ఆన్"లోకి మార్చాలని నేర్చుకునేవాళ్లే కనిపెడతారు. పుస్తకంలో నాలుగు వాక్యాల హెచ్చరిక ఇక్కడ పూర్తి అభ్యాసం.

ఒక వీడియోకు ఒకే పని, 5 నుంచి 8 నిమిషాలు. ఫోన్లో చూసేవాళ్ల కోసం ఎడిటర్ అక్షరాలు 20 పాయింట్లకు తగ్గనివ్వొద్దు. మైకు జానెడు దూరంలో, ఫ్యాను ఆపేసి. ప్రతి పాఠానికీ కోడ్ మార్పులను దాచే గిట్‌లో మొదలు, ముగింపు అని రెండు బ్రాంచ్‌లు (విడి ప్రతులు) ఉంచితే మధ్యలో తప్పిపోయినవాళ్లు మళ్లీ అందుకుంటారు.

"కష్టం ఒక్కసారి" కూడా నిజం కాదు. 2023లో వచ్చిన పైథాన్ డేటా లైబ్రరీ పాండాస్ 2.0లో, పట్టికకు (డేటాఫ్రేమ్‌కు) వరుసలు చేర్చే "అపెండ్" తీసేశారు. పుస్తకంలో అయితే "కాన్‌క్యాట్" అని వరుస మార్చి కొత్త ఫైలు ఎక్కించడమే, అదీ కేడీపీలో పాత కొనుగోలుదారులకు దానంతట అది చేరదు. వీడియో అయితే మళ్లీ తీయాలి. కాబట్టి ఇన్‌స్టలేషన్‌ను విడి వీడియోగా పెట్టండి, లైబ్రరీ వెర్షన్లు ఫైలులో బిగించి ఇవ్వండి, వెర్షన్ నంబర్లు నోటితో పలకొద్దు.