మట్టికి మడి కట్టించిన జీవో

కలుషితమైన భూమిని బాగుచేయడం పరాయి దేశాల్లో పెద్ద తతంగం. మట్టి తవ్వాలి, ల్యాబుకు పంపాలి, లారీలకెత్తాలి, ఆ తర్వాత ఏళ్ల తరబడి కాపలా కాయాలి. మనకంత ఖర్మ పట్టలేదు. ల్యాండ్ యూజ్, అంటే ఆ నేల దేనికి వాడాలన్న సర్కారు రాత, మారిస్తే చాలు. కాగితం మీద ముద్ర పడగానే సీసం, పాదరసం సిగ్గుపడి వాటంతట అవే ఖాళీ చేసి వెళ్లిపోతాయి.

హైదరాబాద్ ఓఆర్ఆర్ లోపలి పారిశ్రామికవాడలనే చూడండి. 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం జీవోతో తెచ్చిన విధానంతో దాదాపు 9,292 ఎకరాల్లో ఫ్యాక్టరీలు పోయి అపార్ట్‌మెంట్లు, మాల్స్ రావచ్చు. కట్టాల్సిందల్లా రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, పెద్ద రోడ్డు పక్కనైతే 50. ఫీజు తక్కువా, ఎవరి జేబులోకెంత అని ఎంత రభస జరిగిందో! గజాల లెక్క అందరూ తేల్చారు. గజం లోతున ఏముందని అడిగి మూడ్ పాడుచేసిన పెద్దమనిషి ఒక్కడూ నా కంటపడలేదు.

అయినా అడిగే పనేముంది, స్వీడన్ పరిశోధకులు 2007లోనే చెప్పేశారు. మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో (గమనించాలి, శుద్ధి అయ్యాకే) లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందట. ఒక్క రోజుకు 45 కిలోలు! స్వీడన్ దేశమంతా ఐదు రోజులు మింగే మందు మన వాగు ఒక్కరోజులో తాగేసింది. ఇంత గొప్ప సంగతిని బ్రోచర్లలో ఎందుకు వేయరో అర్థం కాదు. క్లబ్‌హౌస్, జాగింగ్ ట్రాక్, బోరులో ఉచిత యాంటీబయాటిక్.

మనవాళ్లకు మట్టి పట్టదనడం కూడా అన్యాయమే. ఇల్లు కట్టేముందు మట్టి రంగు, వాసన, రుచి చూడమంది వాస్తుశాస్త్రం. రుచి చూసే ధైర్యం ఇప్పుడెవరికీ లేదు గానీ, బోరు ఈశాన్యంలో పడిందో లేదో టేపు పెట్టి కొలుస్తాం. నీళ్లు టీ రంగులో వస్తే రానీండి, ఈశాన్యం నుంచే కదా వస్తున్నాయి.

కేంద్రం కూడా ఊరికే లేదు. కలుషిత స్థలాల మీద 2025 జులైలో నియమాలు తెచ్చింది. ప్రాథమిక పరిశీలనకు 90 రోజులు, పూర్తి సర్వేకు మరో మూడు నెలలు, పాపం ఎవరిదో తేల్చడానికి ఇంకో 90 రోజులు. అప్పటికి దేశంలో గుర్తించినవి 103 చోట్లు, బాగుచేత మొదలైనవి ఏడు. ఎప్పటికల్లా శుభ్రం కావాలో మాత్రం గడువు లేదు. పెద్దల మర్యాద అది, విషాన్ని తొందరపెట్టకూడదు. చెత్త డంపింగ్ యార్డులను అసలు లెక్కలోకే తీసుకోలేదు కాబట్టి హైదరాబాద్ చెత్త పోగుపడ్డ జవహర్‌నగర్ గుట్టకు ఆ టెన్షన్ కూడా లేదు.

బిల్డర్లకు నాదొక సలహా. కలుషిత స్థలాల జాబితాలో మీ స్థలం పేరు ఎక్కకముందే ప్రీ-లాంచ్ పెట్టేయండి. గృహప్రవేశాలు అయిపోయాక అది విషపు నేల అని ప్రకటించే సాహసం ఏ అధికారి చేస్తాడు? చేశాడే అనుకోండి, ఫ్లాట్ రేటు పడిపోతుందని ఈఎంఐలు కట్టే మేమే ధర్నాకు కూర్చుంటాం. ఫ్లెక్సీ ఖర్చు నాది.