ఆశయానికి కటాఫ్ తేదీ

ఆశయం మనసులో పుడుతుందని వ్యక్తిత్వ వికాస నిపుణులు చెబుతుంటారు. పాపం, వాళ్లెప్పుడూ శ్రీకాకుళం వచ్చినట్టు లేరు. ఇక్కడ ఆశయం నోటిఫికేషన్‌లో పుట్టి, అందులోనే ‘వయోపరిమితి’ అనే పేరా దగ్గర పోతుంది. కాబట్టి జీవిత లక్ష్యం ఎంచుకునేవాడు ముందు తొంగి చూడాల్సింది మనసులోకి కాదు, టెన్త్ మార్కుల లిస్టులో పుట్టినతేదీ వైపు.

మొదటి మజిలీ దేశభక్తి. 2022 జూన్‌లో సైన్యంలో భర్తీకి అగ్నిపథ్ ప్రకటించినప్పుడు పదిహేడున్నర నుంచి 21 ఏళ్లన్నారు. గొడవలయ్యాయి. రెండు రోజులకే ఆ ఒక్క ఏడాదికి 23 చేశారు. మంగళవారం దేశానికి ముసలివాడైపోయినవాడు గురువారానికి మళ్లీ పడుచువాడయ్యాడన్నమాట.

ఇక పరుగు. 1,600 మీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే 60 మార్కులు, పది పులప్స్‌కి 40. నాలుగు వందల మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకి 82 సెకన్లు. చాలామంది చతికిలబడేది బలం లేక కాదు. తోటివాళ్లు చూస్తున్నారని మొదటి రౌండు 70లో లాగేస్తారు, మూడో రౌండుకి డొక్క పట్టుకుంటారు. తెల్లారగట్ల తారురోడ్డు మీద అరిగిన బూట్లతో సాధన చేసినవాడికి ముంగాలి ఎముక నొప్పి అదనం.

అది తప్పితే కానిస్టేబుల్. అదే 1,600 మీటర్లకి ఇక్కడ 8 నిమిషాలు. దేశం కంటే రాష్ట్రానికి ఓపిక ఎక్కువ. కానీ ఎత్తు 167.6 సెంటీమీటర్లు ఉండాలి. పాయింట్ ఆరు దగ్గర ఎన్ని ఆశయాలు రాలిపోయాయో! చిట్కా ఒకటుంది. పొద్దున్నుంచి నిలబడి తిరిగితే వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్లలు నొక్కుకుపోయి సాయంత్రానికి మనిషి సుమారు ఒక సెంటీమీటరు కుదించుకుపోతాడు. అందుకని అంచున ఉన్న అభ్యర్థి పిలుపు వచ్చేదాకా తుండుగుడ్డ పరుచుకుని పడుకోవాలి. లేచి నిలబడితే ఉద్యోగం పోతుంది.

ఆ తర్వాత గురుబ్రహ్మ. 2025 డీఎస్సీలో జనరల్ అభ్యర్థులకి 44 ఏళ్ల దాకా అవకాశమిచ్చారు, కాబట్టి బోధన మీద మక్కువ తీరిగ్గా పెంచుకోవచ్చు. అయితే బీఈడీ చేసి చిన్నపిల్లలకి అఆలు నేర్పుదామనుకున్నవాళ్ల మక్కువ 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పుతో చెల్లలేదు. చిన్న తరగతుల టీచరు పోస్టు ఎస్జీటీకి డీఈడీయే ఉండాలి. చివరాఖరున గ్రూప్-2: మూడు తప్పులు ఒక ఒప్పుని మింగేసే పరీక్ష.

ఇన్ని వేషాలు మారినా పెళ్లిళ్లలో హోదా ఒక్కటే.

“ఏటి చేస్తన్నావురా బాబూ?”

“ప్రిపేరవుతన్నాను మావయ్యా.”

దేనికని అడగరు. మర్యాదస్తులు. పప్పు వడ్డించుకుని పక్క ఆకు వైపు తిరుగుతారు.

వెనకటివాళ్లకి ఈ క్రమశిక్షణ లేదు. కోడి రామ్మూర్తినాయుడు విజయనగరంలో శుభ్రంగా డ్రిల్లు మాస్టారుగా ఉండి, అది మాని సర్కస్ పెట్టారు. ద్వారం వెంకటస్వామినాయుడు మహారాజావారి సంగీత పాఠశాలలో విద్యార్థిగా చేరదామని వెళితే ఏకంగా వయొలిన్ ఆచార్యుడిగా పెట్టుకున్నారంటారు. రాతపరీక్ష లేదు, రోస్టర్ లేదు, కీ మీద అభ్యంతరాలకి గడువూ లేదు. ఇప్పుడైతే ఆ నియామకం కోర్టులో ఉండేది.

నోటిఫికేషన్ అక్కర్లేని కొలువు కూడా మన తీరంలో ఒకటుంది. చేపల వేట సీజనుకి గుజరాత్‌లోని వీరావల్ రైలెక్కడం. ఎత్తు కొలవరు, ఛాతీ ఉబ్బించమనరు, పుట్టినతేదీ ఊసే ఉండదు. ఆ కుర్రాడిని నీ ఆశయమేమిటని ఏ మావయ్యా అడగడు. అడ్వాన్సు ఎంతిచ్చారని అడుగుతాడు.