నీళ్ల సీసా చాటున తూటా రంధ్రం

కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌లో భద్రపరిచిన ఒక బూడిద రంగు నర్సు యూనిఫాంకు నడుము దగ్గర తూటా దూసుకుపోయిన రంధ్రం ఉంది. అది రెండో ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా సైనిక నర్సుగా పనిచేసిన వివియన్ బుల్‌వింకెల్‌ది. ఆమెకు దక్కిన పతకాల కంటే, ఆ రంధ్రాన్ని ఆమె ఎలా దాచవలసి వచ్చిందన్నదే మనం ఎక్కువగా ఆలోచించాల్సిన విషయమని నా అభిప్రాయం.

చదునైన పాదాలని వైమానిక దళం కాదంటే, 1941లో సైనిక నర్సుగా చేరి మలయా (నేటి మలేషియా ప్రాంతం) వెళ్లిన ఆమె, సింగపూర్ జపాన్ చేతిలో పతనమవుతుండగా మరో 64 మంది నర్సులతో వైనర్ బ్రూక్ ఓడ ఎక్కారు. 1942 ఫిబ్రవరి 14న జపాన్ విమానాల దాడిలో ఓడ మునిగింది. 12 మంది నర్సులు సముద్రంలోనే పోయారు. నేటి ఇండోనేషియాలోని బంకా దీవిలో రాడ్జీ తీరానికి చేరినవారు లొంగిపోవడానికి సిద్ధపడినా, 16న జపాన్ సైనికులు ముందుగా మగవారిని చాటుకు తీసుకెళ్లి చంపి, ఆపైన రెడ్‌క్రాస్ పట్టీలున్న 22 మంది నర్సులను వరుసగా సముద్రంలోకి నడిపించి, నడుము లోతుకు చేరాక వెనుక నుంచి మెషిన్‌గన్‌తో కాల్చారు. బుల్‌వింకెల్ ఒక్కరే, చనిపోయినట్టు నీళ్లపై తేలుతూ బతికి బయటపడ్డారు.

గాయపడిన కింగ్స్‌లీ అనే బ్రిటిష్ సైనికుడికి సేవ చేస్తూ 12 రోజులు అడవిలో దాక్కున్నాక, వేరే దారి లేక లొంగిపోయేటప్పుడు, రంధ్రాన్ని కప్పేలా నీళ్ల సీసాను భుజానికి తగిలించుకున్నారు. ఆ హత్యలకు సాక్షి మిగిలి ఉందని తెలిస్తే ఆమెకే కాదు, తోటి బందీలకూ చావు తప్పేది కాదు. అందుకే వేరేచోట్ల పట్టుబడి అవే బందీ శిబిరాల్లో ఉన్న నర్సులు ఆకలి, రోగాల మధ్య మూడున్నరేళ్లు ఆ మాట పొక్కనివ్వలేదు. వారిలో 8 మంది అక్కడే మరణించారు. 65 మందిలో ఇల్లు చేరింది 24 మందే. ఈ ఉమ్మడి మౌనానికి ఏ పతకమూ లేదు.

1946 డిసెంబరులో ఆమె టోక్యో యుద్ధ నేరాల ట్రిబ్యునల్ ముందు సాక్ష్యమిచ్చారు. మరుసటి ఏడాది, నర్సులకు రెడ్‌క్రాస్ ఇచ్చే ఫ్లోరెన్స్ నైటింగేల్ పతకం వచ్చింది. అయితే కాల్పులకు ముందు నర్సులపై లైంగిక దాడి జరిగిందనీ, ఆ సంగతి బయటపెట్టవద్దని అధికారులే ఆమెను ఆదేశించారనీ చరిత్రకారిణి లినెట్ సిల్వర్ వాదిస్తున్నారు. అదే నిజమైతే, శత్రువుకు తెలియకుండా మూడున్నరేళ్లు నిజాన్ని దాచిన మనిషి చేత, సొంత ప్రభుత్వం మరో అరశతాబ్దం దాపించిందన్నమాట.

ఆ తర్వాత ఆమె మెల్‌బోర్న్‌లోని ఫెయిర్‌ఫీల్డ్ అంటువ్యాధుల ఆసుపత్రిలో నర్సింగ్ విభాగాన్ని నడిపారు. 2000 జూలై 3న పెర్త్‌లో కన్నుమూశారు. ఆ యూనిఫాం ఉన్న మెమోరియల్ ఆవరణలోనే 2023లో ఆమె కాంస్య విగ్రహం నిలిపారు. అక్కడ ఒక మహిళకు విడిగా పెట్టిన మొదటి విగ్రహం అదే.