సవరణ: యూదుల గ్రంథాలు 39 కాదు, 24

యూదుల లేఖనాలు 39 పుస్తకాలనీ, క్రీ.శ. 90 ప్రాంతంలో యామ్నియా అనే ఊళ్లో యూదు రబ్బీలు (మతగురువులు) జరిపిన సభలో వాటి జాబితా ఖాయమైందనీ క్రితం పోస్టులో రాశాను. రెండూ సరిదిద్దాలి.

యూదుల లెక్క 24. 39 అన్నది ప్రొటెస్టంట్ క్రైస్తవుల పాత నిబంధన లెక్క. పాఠం ఒకటే, లెక్కపెట్టే తీరు వేరు. హోషేయ నుంచి మలాకీ దాకా పన్నెండుగురు ప్రవక్తలవీ కలిపి యూదులకు ఒకే పుస్తకం. సమూయేలు, రాజులు, దినవృత్తాంతములు ఒక్కొక్కటే. ఎజ్రా, నెహెమ్యా కలిపి ఒకటి. తోరా (ధర్మశాస్త్రం), నెవీయీమ్ (ప్రవక్తలు), కెతువీమ్ (ఇతర రచనలు) అనే మూడు భాగాల తొలి అక్షరాలు కలిస్తే తనఖ్, అంటే యూదుల లేఖనాల పేరు (మన తాకట్టు తనఖా కాదు!). దానియేలును నేను ప్రవక్తల్లో వేశాను. హీబ్రూ వరుసలో అది కెతువీమ్‌లో ఉంటుంది.

పేర్ల సంగతి మరీ తమాషా. హీబ్రూలో తోరా పుస్తకాలను మొదట్లో వచ్చే మాటతోనే పిలుస్తారు. ఆదికాండం ‘బెరేషీత్’, అంటే ‘ఆదియందు’. సంఖ్యాకాండం ‘బమిద్బార్’, ‘అరణ్యంలో’ అని. జనాభా లెక్కను బట్టి వచ్చిన ‘సంఖ్యా’ అన్న పేరుకు మూలం గ్రీకు అనువాదం.

ఇక యామ్నియా. అక్కడ జాబితా తేల్చారన్నది 1871లో యూదు చరిత్రకారుడు హైన్రిష్ గ్రేట్స్ చేసిన ఊహ. ఇప్పటి పండితుల్లో ఎక్కువమంది దాన్ని ఒప్పుకోరు. ప్రసంగి, పరమగీతం పవిత్ర గ్రంథాలా కాదా అని రబ్బీలు వాదించుకున్న మాట మాత్రం మిష్నాలో (రబ్బీల ధర్మబోధల సంకలనంలో) ఉంది.