గులాబీ నీళ్ల సీసా గారికి, ఒక మధ్యవర్తి రాసుకున్నది

సీసా గారూ, గుర్తుపట్టారా? మీ మెడలో వేలాడే చీటీ మీద రెండో సంతకం నాదే.

2009లో మా పెద్దాఫీసరు "రేపు పొద్దున్నే ఏసీబీ వాళ్ల దగ్గరికెళ్లు, ఇంట్లో కూడా చెప్పకు" అంటే వెళ్లాను, లంచం పట్టుకునేటప్పుడు పక్కనుండి చూసే సాక్షిగా, దాన్నే వాళ్లు మధ్యవర్తి అంటారు. లంచంగా ఇవ్వాల్సిన నోట్లకి ఫినాఫ్తలీన్ పొడి పూశారు, ముట్టుకున్న వేళ్లు సోడా నీళ్లలో పెడితే గులాబీ రంగొస్తుంది. ఫిర్యాది కుర్రాడికి "ఆయన అడిగితేనే ఇవ్వు" అని పదిసార్లు చెప్పారు, పదకొండోసారి నాతో కూడా చెప్పించారు. కేసంతా ఆ "అడిగితేనే" అన్న ఒక్క మాటలోనే ఉందని అప్పుడు నాకేం తెలుసు. మధ్యాహ్నానికి ఒక ఆఫీసులో, సోడియం కార్బొనేట్ (భయపడకండి, మన చాకలి సోడానే) కలిపిన గ్లాసులో ఆ గుమస్తా గారి వేళ్లు ముంచగానే మీరు పుట్టారు. ఏం రంగండీ! పెళ్లిలో రోజ్‌మిల్క్‌కి కూడా అంత రంగు రాదు. ఇక అయిపోయింది, ఈయన పనైపోయింది అనుకుంటూ ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను.

మీరు రెడ్‌హిల్స్‌లో ఫోరెన్సిక్ ల్యాబుకెళ్లొచ్చారు, ఎం.ఓ. (కేసులో సాక్ష్యం వస్తువు) నంబరేయించుకున్నారు, నాంపల్లిలో జడ్జిగారి ముందు బల్లెక్కారు. అక్కడ గుమస్తా గారి వకీలు నన్నడిగిందొకటే: "చెయ్యి తాకింది సరే, నోరు అడగడం నువ్వు విన్నావా?" నేను వరండాలో ఉన్నానండీ, విన్లేదు. విన్న కుర్రాడేమో, ఈలోపు ఫైలు కదిలింది కాబోలు, "పాత బాకీ తీర్చాను సార్, లంచం కాదు" అని బోనులో ఎదురు తిరిగాడు.

మీ మీద గౌరవం లేక కాదుగానీ, మీ గులాబీ రంగు ఒక్కటే చాలదని సుప్రీంకోర్టే చెప్పింది, అదీ 2014లో, మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే. డబ్బు దొరికినంత మాత్రాన సరిపోదు, అడిగినట్టు రుజువవ్వాలి. 2022 డిసెంబరు 15న ఐదుగురు జడ్జీలు ఇంకాస్త దారిచ్చారు: ఫిర్యాది చచ్చిపోయినా, ఎదురు తిరిగినా కేసు చావదు, చుట్టూ ఉన్న సాక్ష్యంతో అడగడాన్ని రుజువు చేసుకోవచ్చు. ఆ చుట్టూ ఉన్న సాక్ష్యంలో నేనొకణ్ణి. నాకేమో మోకాళ్ల నొప్పులు.

మీ పక్క బీరువాలో ఐపీసీ సెక్షన్ 409 గారున్నారు కదా, ప్రభుత్వోద్యోగి తన చేతికప్పగించిన సొమ్ము కాజేసే నమ్మకద్రోహం కేసు, కొత్త న్యాయసంహితలో 316(5) అని పేరు మార్చుకున్నారు. యావజ్జీవం దాకా వేయొచ్చు. ఆయనకి రంగూ పొంగూ ఉండదు, ఒక క్యాష్ బుక్కు, నాలుగు రసీదులు, అంతే. "వాడుకున్నా, మళ్లీ కట్టేశాగా" అంటాడు ఖజానా గుమస్తా. దురుద్దేశంతో నాల్రోజులు వాడుకున్నా స్వాహా కిందే లెక్క అంటుంది చట్టం. ఆ అప్పీళ్లూ మీ వరసలోనే ఉన్నాయి, పలకరించండి.

మన కేసుకొస్తే, కుర్రాడు ఎదురు తిరిగినా కింది కోర్టు మన గుమస్తా గారికి రెండేళ్లేసింది. అప్పీలు చేసుకుంటానన్నాడు, శిక్ష అదే సాయంత్రం ఆగింది, ఆయన నాకంటే ముందు ఆటో ఎక్కాడు. అప్పట్నుంచీ మన అప్పీలు మూసీ ఒడ్డున, 1920లో తెరిచిన ఆ ఎర్రరాతి హైకోర్టు మేడలో కూర్చుంది. రాష్ట్రం రెండైంది, 2019లో హైకోర్టూ రెండైంది, ఇప్పుడు రాజేంద్రనగర్‌లో కొత్త హైకోర్టుకి 2024లో పునాదిరాయి కూడా వేశారు. అందరూ కదులుతున్నారు, మీరు తప్ప. మొన్న వాయిదా కోసం వెళ్లిన కానిస్టేబుల్ని మీ గురించి అడిగితే "తెల్లబడిపోయింది సార్, మంచినీళ్లలా ఉంది" అన్నాడు.

ఒకటి చెప్పాలి మీకు. పోయిన నెల ఆ గుమస్తా గారే కొడుకు పెళ్లికి పిలిచారు, కార్డు ఇంటికొచ్చి మరీ ఇచ్చారు. వెళ్లాను, ఎందుకెళ్లానని మా ఆవిడ ఇప్పటికీ తిడుతోంది. భోజనాలయ్యాక చెయ్యి కడుక్కుంటుంటే ఆయనే పక్కకొచ్చి సబ్బందించారు. నేను ఆయన మొహం చూళ్లేదండీ, సింకులో నీళ్లకేసే చూశాను.

ఇట్లు,
మధ్యవర్తి నంబరు 2