ఒక్కసారికే అంటూ ఎన్నిసార్లు?

సీలు వేసిన తాళం నెల రోజులు కూడా నిలవలేదు. దీపావళి అమ్మకాలు పోతాయన్నారు, పనివాళ్ళ జీతాలు ఆగుతాయన్నారు, ‘ఈ ఒక్కసారికి’ అన్నారు. చెన్నైకి ఉత్తరాన ఉన్న ఆ చిన్న పట్టణంలో, రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి తగ్గాల్సిన వీధిలో, అనుమతికి మించి రెండంతస్తులు లేచిన పెద్ద అంగడి మళ్ళీ తలుపులు తెరిచింది. పండగ వెళ్ళేదాకా తాత్కాలికమట. ఊరి పేరు, అంగడి పేరు పాఠకులకు తెలిసినవే, వాటిని ఇక్కడ మళ్ళీ రాయడం మా ఉద్దేశం కాదు. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో అంగడి అదే పని చేస్తుంది. దానికి కావలసిన నజీరును, అంటే చూపించుకునే ముందటి ఉదాహరణను, అధికారులే స్వహస్తాలతో రాసిచ్చారు.

ఆ కట్టడం కన్నా ఆ మాటే మమ్మల్ని ఎక్కువ భయపెడుతోంది. ‘ఒక్కసారికి’ అనే మాట ఎంత దూరం పోతుందో చెన్నై తెలుగువాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. త్యాగరాయనగర్ (టీ నగర్) అనే పేట వారి కళ్ళముందే బజారైపోయింది.

ఆ పేటను బజారుగా ఎవరూ గీయలేదు. 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం కింద, మాంబళం వైపు లాంగ్ ట్యాంకు అని పిలిచిన చెరువు నేల మీద, జనం ఇళ్ళు కట్టుకోవడానికి వేసిన పథకం అది. పేట పేరు పిట్టి త్యాగరాయ శెట్టిది. నడిబొడ్డున ఉన్న పార్కు పేరు పానగల్ రాజా రామరాయణింగారిది. ఒకరు నగరసభను నడిపిన తెలుగువారు, మరొకరు రాష్ట్ర ప్రభుత్వాన్నే నడిపిన తెలుగువారు. విశాలమైన రోడ్లు, మధ్యలో పార్కు, చుట్టూ చెట్ల నీడన కాపురాలు. గీసినవాళ్ళు అనుకున్నది అంతే. తెలుగు సినిమా మనుషులు అక్కడ ఇళ్ళు కట్టుకున్నదీ, విజయరాఘవ రోడ్డులో ఆంధ్రా క్లబ్బు వెలసిందీ అది కాపురాల పేట కనుకనే. మాంబళం స్టేషన్లో దిగినవాళ్ళు ఉస్మాన్ రోడ్డుకు నడిచిపోయే దారి రంగనాథన్ వీధి. ఇవాళ పండగ ముందు ఆదివారం ఆ వీధిలో మనిషి తన కాళ్ళతో నడవడు. జనమే మోసుకుపోతారు. సూళ్ళూరుపేట లోకల్లో వచ్చి పెళ్ళి బట్టలు కొనుక్కుపోయే మనవాళ్ళూ ఆ జనంలో ఉన్నారు. కొనడం తప్పని మేము అనడం లేదు. కానీ ఆ వీధికి ఆ గతి ఒక్కరోజులో పట్టలేదు. ఒక్కో అంతస్తుకు ఒక్కో ‘ఒక్కసారి’ చొప్పున పట్టింది.

1971 నాటి తమిళనాడు పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టానికి 1998లో 113-ఏ సెక్షన్ చేర్చినప్పుడు చెప్పిన మాట ఇదే. 1999 ఫిబ్రవరి నెలాఖరులోగా కట్టేసిన అక్రమ కట్టడాలను రుసుము తీసుకుని మన్నిస్తాం, అదీ ఒక్కసారికే అన్నారు. సుప్రీంకోర్టు 2000లో దాన్ని నిలబెట్టిందీ ఒక్కసారి చర్య అన్న ఆ మాట మీదే. తర్వాత గడువు జరిగింది. మళ్ళీ జరిగింది. జరుగుతూ జరుగుతూ 2002 దాకా వచ్చింది. ఆ పొడిగింపులను మద్రాసు హైకోర్టు 2006లో కొట్టేసింది. కొట్టేస్తే ఏమైంది? అవే కట్టడాలకు అండగా 2007లో ఆర్డినెన్సు వచ్చింది. 2011 అక్టోబరు నెలాఖరున త్యాగరాయనగర్‌లో పాతిక దాకా దుకాణాలకు సీలు వేస్తే, 2012 జనవరిలో సరిగ్గా పొంగల్ బేరాల వేళకు సుప్రీంకోర్టు నుంచి తాత్కాలిక అనుమతి దొరికింది. అదే ఏడాది 113-సీ అనే కొత్త సెక్షన్ పుట్టి, 2007 జులై 1 లోగా కట్టినవాటికి ఇంకో తలుపు తీసింది. 1999 అన్నది 2002 అయింది, 2002 అన్నది 2007 అయింది. నిబంధన పాటించి, చుట్టూ ఖాళీ వదిలి, ఒక అంతస్తు తక్కువ కట్టుకున్న వ్యాపారి ఈ పాతికేళ్ళలో తెలుసుకున్నది ఒక్కటే: తాను తెలివితక్కువవాడని.

సరిహద్దు అవతలి తెలుగువారు ఇది చదివి నవ్వుకోనక్కరలేదు. అక్రమ కట్టడాలను, లేఅవుట్లను రుసుముతో క్రమబద్ధం చేసే బీపీఎస్, ఎల్‌ఆర్‌ఎస్ అనే పొడి అక్షరాలు వారికి ఇంతకన్నా బాగా తెలుసు.

ఈ ‘ఒక్కసారి’ ఖరీదు రుసుము రసీదులో కనిపించదు. 2008 సెప్టెంబరు 1న రంగనాథన్ వీధిలో ఒక పెద్ద దుకాణం కాలి, లోపల ఉన్న ఇద్దరు పనివాళ్ళు చనిపోయారు. 2017 మే 31న తెల్లవారుజామున ఉస్మాన్ రోడ్డులో బహుళ అంతస్తుల బట్టల దుకాణం అంటుకుంటే, ఒక రోజు గడిచినా మంటలు ఆరలేదు. భవనంలో కొంత కూలింది, మిగిలినదాన్ని పడగొట్టక తప్పలేదు. తెల్లవారుజాము కనుక లోపల కొనేవాళ్ళు లేరు. పట్టపగలు పదకొండు గంటలకు అంటుకుని ఉంటే? నగరం నడిమధ్యన, ఇన్ని అగ్నిమాపక యంత్రాలు అందుబాటులో ఉండగానే అంత సమయం పట్టింది. ఇప్పుడు తాళం తీయించుకున్న ఆ చిన్న పట్టణపు వీధిలోకి ఫైరింజను మలుపు తిరగగలదా అని అనుమతి ఇచ్చినవారు వెళ్ళి చూశారా? చూసి ఉండరు. చూసినవారెవరూ ఆ సంతకం చేయలేరు.

పెద్ద దుకాణం వస్తే ధరలు తగ్గుతాయి, చుట్టుపక్కల పిల్లలకు ఉద్యోగాలు దొరుకుతాయి, నాలుగు రకాలు చూసి ఎంచుకునే వీలు పట్నం వాళ్ళకేనా అని అడిగేవారు ఉన్నారు. అడగదగిన ప్రశ్నే. పెద్ద దుకాణమే వద్దని ఈ పత్రిక ఎన్నడూ అనలేదు. బైపాస్ పక్కన, వెడల్పయిన రోడ్డు మీద, లారీలు తిరిగే చోటు చూపించి కట్టుకుంటే ఎవరూ అడ్డం పడరు.

చెన్నైలో ఒక వీధి పోతే ఇంకో వీధి ఉంది. చిన్న ఊళ్ళో బజారంటే ఒకటే బజారు. కిరాణా కొట్టు, వెండి బంగారం కొట్టు, ఎరువుల కొట్టు, మందుల షాపు, టైలరు, కాఫీ హోటలు అన్నీ ఒకే వీధిలో ఒకదాన్ని పట్టుకుని ఒకటి బతుకుతుంటాయి. కిరాణాకు వచ్చినవాడే టైలరు దగ్గర ఆగుతాడు. నెలాఖరులో చేతిలో డబ్బు ఆడని కుటుంబానికి ఆ కిరాణా శెట్టిగారి పద్దు పుస్తకమే బ్యాంకు. అలాంటి వీధి మధ్యలో లక్ష చదరపు అడుగుల అంగడి లేస్తే, అక్కడ కూరుకుపోయేది ఒక్క కిరాణా కాదు. సరుకు దింపే లారీలు పొద్దున వీధిని మూసేస్తాయి, కొనేవాళ్ళ బండ్లు సాయంత్రం మూసేస్తాయి. పాత కొట్టుకు వెళ్ళాలనుకున్నవాడికి కూడా వెళ్ళే దారి ఉండదు. ఆరు నెలల తర్వాత కొట్లు మూతపడితే ‘పోటీకి నిలవలేకపోయారు’ అని సర్వే రాస్తారు. పోటీ ఎక్కడ జరిగింది? నిబంధన పాటించినవాడికీ పాటించనవాడికీ మధ్య జరిగినదానికి పోటీ అని పేరు పెట్టడమే అన్యాయం.

మన నిబంధనలు భవనం ఎత్తును కొలుస్తాయి, రోడ్డు వెడల్పును కొలుస్తాయి, బండ్లు నిలిపే చోటును కొలుస్తాయి. ఒక్క అంగడి ఆ ఊరి బజారు మొత్తాన్ని మింగేంత పెద్దదా అన్నది మాత్రం కొలవవు. విచిత్రమేమిటంటే, అందరికన్నా చిన్న వ్యాపారిని లెక్కపెట్టడం మనకు బాగా వచ్చు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఒక పట్టణంలో తోపుడుబండ్లవాళ్ళు, గంపలవాళ్ళు ఎందరికి చోటివ్వాలో అంకె చెప్పింది: జనాభాలో రెండున్నర శాతం. 2013లో త్యాగరాయనగర్ పాండీబజారు పేవ్‌మెంటు వ్యాపారులను నగరసభ కట్టిన బహుళ అంతస్తుల సముదాయంలోకి కదిలించారు. వాళ్ళు కదిలారు. మల్లెపూల గంపకు పరిమితి ఉంది. లక్ష చదరపు అడుగుల అంగడికి మాత్రం పరిమితి అంటే అభివృద్ధికి అడ్డు అంటారు!

కాలిఫోర్నియాలోని టర్లాక్ అనే పట్టణం 2004లో లక్ష చదరపు అడుగులు దాటి, కిరాణా కూడా అమ్మే భారీ దుకాణాలను తన హద్దుల్లో నిషేధించింది. వాల్‌మార్ట్ కోర్టుకెక్కింది. 2006లో అక్కడి అప్పీలు కోర్టు పట్టణం పక్షానే నిలిచింది. జర్మనీలో 1,200 చదరపు మీటర్లు దాటిన దుకాణాన్ని సాధారణంగా నగర కేంద్రంలోనో, దానికోసం ప్రత్యేకించిన చోటనో కట్టుకోవాలి. ఫ్రాన్సు 1996లో 300 చదరపు మీటర్లు దాటితేనే ప్రత్యేక అనుమతి తెచ్చుకోమంది, 2008లో ఆ అంకెను వెయ్యికి పెంచింది. పెంచడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. అంకె మార్చాలనుకున్నప్పుడు చట్టంలో, అందరికీ కలిపి మార్చారు. ఒక అంగడికి, ఒక పండక్కి మార్చలేదు.

అదంతా విదేశాల సంగతి, మన దగ్గర సాధ్యమా అంటారేమో. జార్జిటౌన్‌లోని కొత్వాల్ చావిడిని గుర్తు చేసుకోండి. కన్యకా పరమేశ్వరి దేవస్థానం వారి స్థలంలో, తరాల తరబడి మన కోమట్లు, కూరగాయల వ్యాపారులు నడిపిన బజారు అది. ఆ ఇరుకు వీధులు ఇక లారీలను మోయలేవని తేల్చి, 1996లో టోకు బేరమంతటినీ కోయంబేడుకు తరలించారు. ఏడ్చినవారు ఏడ్చారు, తిట్టినవారు తిట్టారు, బజారు మాత్రం కదిలింది. వేలమంది బతుకు ఆధారపడిన టోకు మార్కెట్‌ను నగరం అంచుకు నడిపించగలిగిన ప్రభుత్వానికి, ఒక్క అంగడి పై రెండంతస్తులు బరువయ్యాయంటే నమ్మాలా?

2022 అక్టోబరులో చెన్నై మహానగర పరిధిని 1,189 చదరపు కిలోమీటర్ల నుంచి 5,904కు పెంచారు. పొన్నేరి, గుమ్మిడిపూండి, అరక్కోణం వైపు ఊళ్ళు అలా మహానగరంలో కలిశాయి. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే కుటుంబాలు అక్కడ ఎన్నో. చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ (సీఎండీఏ) మూడో మాస్టర్ ప్లాన్ తయారవుతోంది. ఏ వీధి ఇళ్ళకు, ఏ వీధి కొట్లకు, ఎంత వెడల్పు రోడ్డు మీద ఎంత పెద్ద అంగడి అన్నది అంకెలతో రాయవలసిన సమయం ఇది. ఆ పట్టణంలో జరిగిన పనితో, ఇంకా రాయని ఆ పుస్తకం విలువ ఎంతో ముందే చెప్పేశారు. చిన్న ఊళ్ళకు పంపిన సందేశం స్పష్టంగానే ఉంది: మీరు ప్లాన్ గీసుకోండి, మేము పండగలు చూసుకుంటాం.

ఇంకో ప్రశ్న. నిర్మాణం పూర్తయినట్టు ధృవపత్రం, నివాసయోగ్యతా పత్రం చూడనిదే కరెంటు, నీరు కనెక్షన్లు ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న తేల్చి చెప్పింది. అనుమతి లేని ఆ పై రెండంతస్తుల్లో ఏసీలు ఎవరి కరెంటుతో తిరుగుతున్నాయి?

వర్తక సంఘాల మౌనం కూడా వినబడుతోంది. బహుళ బ్రాండ్ల చిల్లర వ్యాపారంలోకి 51 శాతం దాకా విదేశీ పెట్టుబడిని కేంద్రం 2012లో అనుమతించినప్పుడు, చిన్న వ్యాపారి పొట్ట కొట్టవద్దని తమిళనాడు వద్దన్నది. సంఘాలు వీధికెక్కాయి, మేమూ వారి పక్షాన రాశాం. కేంద్రం కూడా ఆ దుకాణాలను పది లక్షల జనాభా దాటిన నగరాలకే అన్నది, అంటే చిన్న ఊళ్ళకు ఆ మాత్రం రక్షణ ఉండాలని అప్పుడు అందరికీ తోచింది. ఆ సంఘాల నాయకులు ఇప్పుడెక్కడ ఉన్నారు? విదేశీ ఏనుగు తొక్కితేనే నొప్పా? స్వదేశీ ఏనుగు ప్రారంభోత్సవానికి శాలువా కప్పించుకున్న ఫోటోలు మా దగ్గర ఉన్నాయి.

పెద్ద అంగళ్ళ పూర్తి పేజీ ప్రకటనలు పండక్కి ఈ పత్రికలోనూ వస్తాయి. దాచుకోము. ప్రకటన ఇచ్చినవారికి పేజీ అమ్మాం, ఈ నిలువు వరుసను కాదు.

తాళం తీయించిన ఉత్తర్వులో ఒక గడువు తేదీ ఉంది. ఆ రోజు మా విలేకరి ఆ వీధిలోనే ఉంటారు. తాళం మళ్ళీ పడకపోతే సంతకం చేసిన అధికారి హోదాతో సహా మొదటి పేజీలో అచ్చు వేస్తాం. ఈలోగా అధికారులు మాకు ఒక్క సంగతి తేల్చి చెబితే చాలు. తమిళుల ఆడి మాసపు తగ్గింపుల తర్వాత దీపావళి, దీపావళి తర్వాత పొంగల్, ఆపైన ఉగాది, అక్షయ తృతీయ. వీటిలో ఏ పండక్కి చట్టం పనిచేస్తుందో చెప్పండి, అప్పుడే వస్తాం.